డి.ఎన్.ఏ. పరీక్షకులు – వారి సంఘాలు – ఒక రిజిస్టరు చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసినదిగా సంపాదకవర్గం వారు కోరినారు. కోటల గురించి, రాజుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా కోర్టు కాగితాల మధ్య గడిపిన గుమాస్తాను. కనుక నాకు తెలిసిన దారిలోనే నడిచి, డి.ఎన్.ఏ. పరీక్షలు చేసేవారిని గూర్చి, వారు కట్టుకున్న సంఘాలను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈనాడు మన లింగాల రచ్చబండ మీద కూడా "డి.ఎన్.ఏ. టెస్టు చేయిస్తే తేలిపోతుంది" అనే మాట వినబడుతున్నది. ఆ మాట సగమే నిజం. పరీక్ష తనంతట తాను ఏదీ తేల్చదు. సీసా మీద చీటీ అంటించినవాడు, సీలు వేసినవాడు, పరీక్షించినవాడు, అందరూ నియమం తప్పకుండా ఉంటేనే తేలుతుంది. ఈ సంగతిని పరీక్షకులు ఎట్లా గ్రహించారన్నదే నేను చెప్పదలచిన చరిత్ర.

మన కడప జిల్లా పూర్వం మద్రాసు రాజధానిలో ఉండేది. విషప్రయోగం వంటి కేసులలో పరీక్షలకై కెమికల్ ఎగ్జామినరు లేబొరేటరీ 1849లోనే మద్రాసులో ఏర్పడింది. రక్తపు మరకల పరీక్షకు 1910లో కలకత్తాలో సీరాలజిస్టు కార్యాలయం వచ్చింది. అయితే రక్తపు గ్రూపును బట్టి "ఇతడు ఈ బిడ్డకు తండ్రి కాడు" అని కొన్నిసార్లు చెప్పవచ్చునే గాని, "ఇతడే తండ్రి" అని చెప్పలేము. ఒకే గ్రూపు వారు ఊరికి వందలమంది ఉంటారు గదా! భరణం దావాలలో చంకన బిడ్డతో వచ్చి వాయిదాల మీద వాయిదాలు తిరిగిన తల్లులను చూసినవారికి ఈ లోటు ఎంతటిదో తెలుసు. మగవాడు "నాకు సంబంధం లేదు" అంటే, కాదని నిరూపించే భారమంతా ఆ తల్లి మీదనే పడేది.

1984లో ఇంగ్లండులోని లెస్టరు విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని కనుగొన్నారు. ఆ ప్రాంతంలో ఇద్దరు బాలికల హత్య కేసులలో ఈ పరీక్ష మొదట చేసిన పని, నేరం ఒప్పుకున్న ఒక నిరపరాధిని విడిపించడం. ఆ తర్వాత పోలీసులు చుట్టుపక్కల మగవారందరి రక్తం సేకరించారు. అసలు నేరస్థుడైన కొలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి ఉద్యోగిని పంపి, తన పేరున రక్తం ఇప్పించినాడు. పరీక్షలో తప్పు లేదు, మనిషి మారినాడు! ఆ ఉద్యోగి నోరు జారినందున సంగతి బయటపడి, 1988లో పిచ్‌ఫోర్క్‌కు శిక్ష పడింది. గుర్తింపు సరిచూడకుంటే ఎంతటి విద్య అయినా వృథా అనడానికి ఇంతకంటె రుజువు ఏమి కావాలి?

మన హైదరాబాదు దీనిలో వెనుకబడలేదు. అక్కడి సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతికి చెందిన ఒక పాము డి.ఎన్.ఏ. మీద తాము అంతకుముందు చేసిన పరిశోధన ఆధారంగా, 1988 నాటికి స్వదేశీ పద్ధతిని సిద్ధం చేశారు. 1989లో కేరళలోని తలచేరి కోర్టులో, బిడ్డ తండ్రి ఎవరన్న వివాదంలో ఆయన స్వయంగా సాక్ష్యమిచ్చారు. కోర్టు దానిని అంగీకరించింది, హైకోర్టు కూడా సమర్థించింది. డి.ఎన్.ఏ. సాక్ష్యానికి మన దేశంలో అదే నాంది. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ ఈ పరీక్ష ఉపయోగపడింది. 1996లో హైదరాబాదులో ఈ పనికి సి.డి.ఎఫ్.డి. అనే ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. లాల్జీ సింగ్ గారు 2017లో స్వర్గస్థులైనారు.

ఇక సంఘాల సంగతికి వస్తాను. ఐరోపాలో రక్తపు గ్రూపుల నిపుణులు 1968లోనే జర్మనీలో ఒక సంఘం పెట్టుకున్నారు. డి.ఎన్.ఏ. వచ్చిన తర్వాత అదే ఫోరెన్సిక్ జెనెటిక్స్ అంతర్జాతీయ సంఘంగా రూపొందింది. అమెరికాలో 1988లో ఎఫ్.బి.ఐ. ఆధ్వర్యాన వేర్వేరు లేబొరేటరీల వారు ఒక కార్యవర్గంగా కూడి, అందరూ పాటించవలసిన నియమావళిని వ్రాయ మొదలుపెట్టారు. జీతం కోసమో, డి.ఏ. కోసమో కట్టిన సంఘాలు కావివి. "నీ పని నేను సరిచూస్తాను, నా పని నీవు సరిచూడు" అనే ఒప్పందాలు.

ఆ అవసరం ఎంతటిదో 1989లో న్యూయార్కులోని కాస్ట్రో కేసు లోకానికి చాటింది. ముద్దాయి గడియారం మీది రక్తపు మరక హతురాలిదేనని ఒక ప్రైవేటు లేబొరేటరీ రిపోర్టు ఇచ్చింది. విచారణ నడుమ ఇరుపక్షాల శాస్త్రవేత్తలు వకీళ్లు లేకుండా ఒకచోట కూర్చుని, కాగితాలన్నీ చూసి, ఆ పరీక్ష నమ్మదగినట్లుగా జరగలేదని ఉమ్మడిగా ప్రకటన చేశారు. రక్తం హతురాలిదని చెప్పే ఆ ఫలితాన్ని జడ్జి సాక్ష్యంగా స్వీకరించలేదు. తర్వాత ముద్దాయి తానే నేరం ఒప్పుకున్నాడు. అంటే, నిజం దొరికినా దానిని పట్టుకున్న చేయి శుభ్రంగా లేకపోతే కోర్టు ముందు నిలువదన్నమాట.

మన దేశంలో 2005 సవరణతో అత్యాచార కేసులలో ముద్దాయి డి.ఎన్.ఏ. నమూనా తీయడానికి క్రిమినల్ ప్రొసీజరు కోడులో చోటు దొరికింది. లేబొరేటరీల మీద అజమాయిషీకి ఒక నియంత్రణ బోర్డును ప్రతిపాదించిన బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చి, 2023లో ఉపసంహరించబడింది. ఈలోగా 2022 నవంబరులో ఢిల్లీ చావ్లా కేసులో, క్రింది కోర్టులు ఉరిశిక్ష వేసిన ముగ్గురిని సుప్రీంకోర్టు విడుదల చేసింది. 2012లో తీసిన నమూనాలు లేబొరేటరీకి వెళ్లే లోపల చాలా రోజులు పోలీసు మాల్‌ఖానాలో ఉండిపోవడం కూడా ఆ తీర్పులో చెప్పిన కారణాలలో ఒకటి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల గుండె ఎంత మండి ఉంటుందో ఊహించండి. ఆ ముగ్గురే దోషులో కాదో తేలనేలేదు. చివరకు ఇరువైపులా న్యాయం మిగలలేదు.

2025 జూలై 15న సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో తీర్పు చెబుతూ దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. డి.ఎన్.ఏ. నమూనాలు 48 గంటలలో లేబొరేటరీకి చేరాలి. కోర్టు అనుమతి లేనిదే సీలు విప్పరాదు. సేకరించిన నాటి నుండి కేసు ముగిసేవరకు ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారినదో వ్రాసే రిజిస్టరు ఒకటి నడపాలి. దానిని కోర్టు రికార్డుకు జతపరచాలి. సోదరులారా, పాము డి.ఎన్.ఏ.తో మొదలైన విద్య చివరకు మన ఇన్‌వార్డు, ఔట్‌వార్డు రిజిస్టర్ల దగ్గరికే వచ్చి చేరింది చూశారా!

తేదీ వేయని సంతకం, నంబరు లేని పార్సిలు, లక్క సీలు పగిలిన మూట — వీటిని చూసి గుమాస్తా "తీసుకోను" అంటే లోకం అతనిని చాదస్తుడన్నది. ఆ చాదస్తమే ఒకనాడు ఒకరి మెడను ఉరి నుండి తప్పించవచ్చు, ఒక బిడ్డకు తండ్రి పేరు నిలబెట్టవచ్చు. కనుక డి.ఎన్.ఏ. పరీక్షకుల సంఘాలు మన తెలుగు రాష్ట్రాలలోనూ బలపడి, ఒకరి రిపోర్టును ఒకరు నిర్మొహమాటంగా సరిచూసుకునే ఆచారం వేళ్లూనుకోవాలి. పోలీసు, కోర్టు, ఆసుపత్రి కొలువులలో చేరుతున్న మన పిల్లలకు, మనవలకు ఈ ఒక్క మాట మనం చెప్పగలిగితే చాలును: ముందు చీటీ సరిగా వ్రాయి నాయనా, తర్వాతే శాస్త్రం.

ఇంతటితో విరమిస్తాను. సెలవు.

— ఒక విశ్రాంత కోర్టు గుమాస్తా, లింగాల