నరసింహ రూపకల్పన (దక్షిణ తెలంగాణ)

సింహాన్నీ మనిషినీ ఒకే దేహంలో కలిపి విష్ణువు నాలుగో అవతారాన్ని మలిచే శిల్ప సంప్రదాయం ఇది. యాదగిరిగుట్ట, మట్టపల్లి, సింగోటం వంటి క్షేత్రాల వల్ల పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ రూపంతో విడదీయరాని అనుబంధం ఉంది. అక్కడ ఇంటికో నర్సింహులు, ఊరికో యాదగిరి కనిపిస్తారు.

సింహపు తల ఉన్న మనిషి బొమ్మ మానవుడికి చాలా పాత ఊహ. జర్మనీలోని హోలెన్‌స్టైన్-స్టాడెల్ గుహలో 1939లో దొరికిన 31 సెంటీమీటర్ల మామత్ దంతపు బొమ్మ సుమారు 40,000 ఏళ్ల నాటిది. మన నరసింహుడికి రూపం ఇచ్చింది మాత్రం కథే. మనిషి చేతా మృగం చేతా చావు లేకుండా హిరణ్యకశిపుడు వరం పొందాడు. కాబట్టి శిల్పి రెండింటినీ కలపాలి, ఏదీ పూర్తిగా కాకుండా చూడాలి.

తెలుగునేల మీద దీనికి తొలి జవాబుల్లో ఒకటి నల్లగొండకు కృష్ణ అవతల, పల్నాడులోని కొండమోటులో దొరికింది. క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటి ఆ ఫలకంలో స్వామి దాదాపు పూర్తిగా సింహమే. ఎదురుగా కూర్చున్న మృగానికి రెండు మనిషి చేతులు మొలిచాయి, వాటిలో గద, చక్రం ఉన్నాయి. ఛాతీ మీద శ్రీవత్సం ఉంది. ఆ చేతులు, ఆ గుర్తు తీసేస్తే మిగిలేది అడవి జంతువే. ఇంత ధైర్యమైన కల్పన తరువాతి కాలంలో అరుదు.

క్రమంగా లెక్క తిరగబడింది. సింహముఖం, మనిషి దేహం, బలిసిన మెడ, భుజాలు, సన్నని నడుము ఉండాలని విష్ణుధర్మోత్తర పురాణం చెబుతుంది. అసలు చిక్కు మెడ దగ్గరే. జూలును ఉంగరాలుగా తీర్చి భుజాల మీదికి దించితే మృగం ఎక్కడ ముగిసిందో, మనిషి ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. మనిషి దేహానికి ఏనుగు తల కలిపే గణపతి శిల్పానికీ ఇదే చిక్కు. తిమ్మాజీపేట మండలం అవంచలో 20 అడుగులకు పైబడిన ఏకశిలా గణపతి ఉన్నాడు. అక్కడ ఆ పని ఏనుగు చెవులు చేస్తాయి.

ఈ ప్రాంతపు ప్రత్యేకత మరొకటుంది. ఇక్కడి ప్రసిద్ధ క్షేత్రాల్లో శిల్పి ఉలి కన్నా సహజ శిలకే గౌరవం ఎక్కువ. కొల్లాపూర్ దగ్గరి సింగోటంలో స్వామి లింగాకారంలో ఉంటాడు. ఆ శిలకు అడ్డనామాలు, నిలువునామం రెండూ దిద్దుతారు. యాదగిరిగుట్టలో జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీ నరసింహులుగా స్వామిని అయిదు రూపాల్లో కొలుస్తారు. గండభేరుండం రెండు తలల పక్షి కనుక, సింహానికీ మనిషికీ తోడు పక్షి కూడా ఈ కల్పనలో చేరింది.

2016లో మొదలైన యాదగిరిగుట్ట పునర్నిర్మాణానికి సినీ కళాదర్శకుడు ఆనంద్ సాయి రూపకల్పన చేశారు. నల్లని కృష్ణశిలతో మండపాలు, యాళి స్తంభాలు కొత్తగా లేచాయి. 2022 మార్చి 28న ఆలయం తిరిగి తెరుచుకుంది. గుహలోని స్వయంభూ మూర్తులు మాత్రం యథాస్థానంలోనే ఉన్నాయి.