బాపు క్యాసెట్లు, హాయిల్ ఇంజన్లు

నా చిన్నతనంలో బాపు గొంతు మా ఊరికి క్యాసెట్లలో వచ్చేది. జగిత్యాల చుట్టుపక్కల ఎవరు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినా ఒక టేపు తెచ్చేవారు. 1985 నాటి టేపులో బాపు మామూలుగానే మాట్లాడాడు. 1993 నాటి దాంట్లో అరుస్తున్నాడు. కోపమా అని అమ్మనడిగితే, "కోపం కాదు బిడ్డా, దూరం గదా, గట్టిగ మాట్లాడుతున్నడు" అంది. ఇద్దరమూ పొరబడ్డాం.

బాపు పనిచేసింది సౌదీ ఉత్తరాన, హాయిల్ ప్రాంతంలోని ఒక గోధుమ పొలంలో. ఎడారిలో గోధుమలేమిటని మా పిల్లలు అడుగుతారు. 1970ల చివర సౌదీ ప్రభుత్వం టన్నుకు 3,500 రియాళ్ళు ఇస్తామంది. అది ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు. ఇసుకలో గుండ్రటి పచ్చటి పొలాలు వెలిశాయి. 1992 నాటికి పంట దాదాపు 40 లక్షల టన్నులకు చేరి, ఎడారి దేశం గోధుమలు ఎగుమతి చేసింది. నీళ్ళు మాత్రం వేల ఏళ్ళ కిందట రాతిపొరల్లో నిలిచినవి, తోడితే మళ్ళీ ఊరనివి. వాటిని లోతు నుంచి పైకి తెచ్చింది డీజిల్ ఇంజన్లు. ఆ నీళ్ళు తరుగుతున్నాయని 2008లో ప్రభుత్వం కొనుగోళ్ళు తగ్గించడం మొదలుపెట్టి, 2016లో ఆపింది. బాపు చెవుల లెక్క మాత్రం మేమే వేసుకోవలసి వచ్చింది.

మోత చెవిని తింటుందన్నది కొత్త సంగతి కాదు. 1886లోనే గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ వందమంది బాయిలర్ పనివాళ్ళను పరీక్షిస్తే ఒక్కరికీ వినికిడి సరిగా లేదు. 1960ల చివర అమెరికాలో మెత్తటి ఫోమ్ చెవి బిళ్ళలు పుట్టాయి. రోజుకు 8 గంటల సగటు మోత 85 డెసిబెళ్ళు దాటితే యజమాని పనివాళ్ళ వినికిడి పరీక్షించాలని, రక్షణ ఇవ్వాలని 1983లో అక్కడ నిబంధన వచ్చింది. బాపు విమానమెక్కింది ఆ మరుసటేడు.

డెసిబెల్ లెక్క మోసపూరితం. 3 పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు. 85 దగ్గర 8 గంటలు భరించగలిగితే, 100 దగ్గర 15 నిమిషాలే. లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి పోతే తిరిగి రావు. ముందు పోయేవి సన్నటి శబ్దాలు. మాట వినపడుతుంది, అందులో స, శ లాంటివి రాలిపోతాయి. ఫోనులో మనవరాలి గొంతు బాపుకు అందనిది అందుకే.

"మీకు చెవి బిళ్ళలు ఇయ్యలేదా?" అని ఒకసారి అడిగాను.

"ఇచ్చిన్రు, ఒక డబ్బ. పెట్టుకుంటె ఇంజన్ చప్పుడు మారింది తెల్వదని తీసేసిన. ఎట్ల పెట్టుకోవాల్నో ఎవలు చెప్పలే."

చెప్పవలసింది రెండు మాటలే. బిళ్ళను వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. అప్పుడు మోత తగ్గుతుంది, ఇంజన్ చప్పుడులోని తేడా మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

బాపు మా దగ్గరికి వచ్చిన వేసవిలో మా అబ్బాయి గడ్డి కోసే యంత్రం బయటికి తీశాడు. అలాంటివి తరచు 90 డెసిబెళ్ళ దాకా మోగుతాయి. నా మెడలో చెవి కప్పులు వేలాడుతున్నాయి, వాడికి ఏమీ లేవు. బాపు కుర్చీలోంచి లేచి, నా మెడలోవి తీసి నా చేతిలో పెట్టి, క్యాసెట్లోని ఆ గొంతుతోనే అరిచాడు: "ముందుగాల పిలగానికి పెట్టు!"