కామాటిపురమునుండి విమానాశ్రయమునకు: బొంబాయి తెలుగువారి మార్గచరిత్ర

ముంబయి నగరమున భూగర్భమందు నడచు మూడవ మెట్రో మార్గము 2025 అక్టోబరు 9వ తేదీన కఫ్ పరేడు వరకు ప్రయాణికులకు తెరువబడినది. దాని పొడవు 33.5 కిలోమీటర్లు, స్టేషనులు 27. అందు రెండు విమానాశ్రయపు టెర్మినళ్లకు చెందినవి. మహారాష్ట్ర రాజధాని దక్షిణపు కొననుండి విమానాశ్రయమునకు నేరుగా రైలులో పోవు సౌకర్యము ఆనాటితో ఏర్పడినది. ఈ మార్గచరిత్రను సాధారణముగా 2014 నాటి శంకుస్థాపనతో ఆరంభింతురు. తెలుగువారి దృష్టితో చూచినచో అది చాల ఆలస్యమైన ఆరంభమని నా మనవి.

కామాటి యనగా తెలుగున కూలిపని చేసి జీవించువాడు. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున నిజాము రాజ్యమందలి తెలుగు సీమనుండి కట్టడపు పనులకై వచ్చినవారు నివసించిన పేటకు కామాటిపురమని పేరు కలిగెను. అంతకు పూర్వము వర్లికిని మహాలక్ష్మికిని నడుమనున్న గండిగుండ సముద్రపు పోటు లోపలికి చొచ్చి, పల్లపు నేలలను ముంచుచుండెను. 1784 నాటికి పూర్తియైన హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట ఆ గండిని మూసెను. పిమ్మట పల్లములు క్రమముగా పూడి, వీధులు వెలసెను. నేటి సొరంగము మహాలక్ష్మినుండి వర్లివైపు పోవునపుడు ఈ ప్రాంతము క్రిందుగనే సాగుచున్నది. 2025 మే 10న వర్లియందలి ఆచార్య ఆత్రే చౌకు వరకు రైళ్లు నడువసాగెను. మే 26న కురిసిన పెద్దవానకు, ఆ స్టేషనులో ఇంకను నిర్మాణమందున్న ద్వారపు గోడ కూలి నీరు లోపల ప్రవేశించెను. కట్ట కట్టి వెలివేసిన నీరు తన పాతచోటు మరువలేదేమో యని తోచును. ఇది ఇంజనీర్ల మాట కాదు, నా మాట.

కామాటులలో కొందరు పందొమ్మిదవ శతాబ్దిలో కంట్రాక్టర్లై ధనమార్జించిరి. జ్యోతిరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు మొదలగువారు తెలుగువారే. వారి పేర్లు చరిత్రలో మిగిలినవి. వారిక్రింద తట్టలు మోసినవారికి కామాటి యను జాతిపేరే తప్ప వేరుపేరు మిగులలేదు. తరువాత పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి, వర్లి పరిసరముల చాళ్లలో స్థిరపడిరి. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె వారి బ్రతుకులను తలక్రిందులు చేసినది.

ఆ సమ్మెకు పూర్వమే మరియొక వలస ఆరంభమైయుండెను. 1973 తరువాత చమురు ధర హెచ్చి, గల్ఫు దేశములలో కట్టడపు పనులు వెల్లువెత్తెను. కరీంనగరు, నిజామాబాదు జిల్లాలనుండి అచ్చటికి పోవువారికి బొంబాయియే ప్రధాన ద్వారము. ఏజెంట్లు ఇచ్చటనే, వీసా ఇచ్చటనే, విమానమును ఇచ్చటనే. పిలుపు వచ్చువరకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, తమ ఊరివారి గదులలోను చాళ్ల వరండాలలోను వారు తలదాచుకొనిరి. తాత కట్టపనికి వచ్చిన పట్టణముగుండ మనుమడు ఎడారికి పోయెనన్నమాట. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి యని తెలంగాణమున వాడుకయైన మాటలో ఈ మూడు తరముల చరిత్ర ఇమిడియున్నది.

1981లో సహారున అంతర్జాతీయ టెర్మినలు వెలసెను. కామాటిపురమునుండి అచ్చటికి పోవుటకు గ్రాంటురోడ్డులోనో బొంబాయి సెంట్రలులోనో లోకలు రైలెక్కి, అంధేరిలో దిగి, బస్సో ఆటోరిక్షాయో వెదకుకొనవలెను. త్రాళ్లతో బిగించిన పెట్టెలు మోసికొని రద్దీ రైలెక్కుట సులభము కాదు. టాక్సీ కట్టించుకొనుటకు చేతిలోని సొమ్ము అప్పటికే ఏజెంటు పాలైయుండును. లండనులో గాట్విక్ విమానాశ్రయము 1958లోనే రైలు స్టేషనుతో కూడియుండెను. హీత్రోకు భూగర్భ రైలు 1977లో చేరెను. మనవారు వేలకొలదిగా గల్ఫునకు పోవుచున్న కాలమదియే. బొంబాయిలో విమానాశ్రయపు టెర్మినళ్లకు మెట్రో వచ్చుట 2024 అక్టోబరు 7న. అదియును బాంద్రా కుర్లా సముదాయము వరకే. దక్షిణ ముంబయికి చేరుటకు మరియొక యేడు పట్టినది. ఈలోగా 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడి, గల్ఫు ప్రయాణికులు పెక్కురు అటు మరలిరి. అవసరమైననాడు మార్గము లేదు. మార్గము వచ్చుసరికి ప్రయాణికుడు వేరుదారి పట్టెను. ఆ శంషాబాదునకును రైలు ఇంకను చేరలేదనుట వేరుమాట.

కామాటిపురమునకు పడమటి ప్రక్కగా గ్రాంటురోడ్డు, ముంబయి సెంట్రలు అను రెండు మెట్రో స్టేషనులున్నవి. రెండవదానికి జగన్నాథ శంకర్‌శేఠ్ పేరు చేర్చిరి. 1845 ప్రాంతమున ఈ నగరమునకు రైలును రప్పించుటకై పాటుపడిన మహాపురుషుడాయన. ఆ గౌరవము ఆయనకు తగినదే. ఆ స్టేషనునకు కాలినడకదూరమున, సంఖ్యలే పేర్లుగాగల కామాటిపురపు గల్లీలున్నవి. ఆ పాత ఇండ్లను పడగొట్టి, పేటనంతయు క్రొత్తగా కట్టుటకు మహారాష్ట్ర ప్రభుత్వము పూనుకొన్నది. ఆ గల్లీలలో ఇప్పటికిని మరాఠీ కలిసిన తెలుగు వినవచ్చుచున్నది.