ఓషధి, సమాధి: ఒక ప్రాచీన ప్రశ్న



రాజయ్యపేటలో ఇటీవల ఒక సాయంకాలము, దీపారాధనానంతరము ఒక విద్యార్థి నన్ను ప్రశ్నించినాడు: "పంతులుగారూ, ధ్యానం వల్ల నెమ్మదించే మెదడు భాగమే పుట్టగొడుగు మందుకీ నెమ్మదిస్తుందటండి. మరి ఇన్నేళ్ల అభ్యాసం ఎందుకండీ?"

ప్రశ్న నిరాధారము కాదు. మనస్సు "నేను, నాది" యని తన్ను గూర్చి తాను తలపోయునప్పుడు మెదడులో ఒక నాడీజాలము చురుకుగా నుండును. చిరకాల ధ్యానాభ్యాసులలో దాని ముఖ్యకేంద్రములు శాంతించుట 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించిరి. కొన్ని పుట్టగొడుగులలోని సైలోసైబిన్ అను ద్రవ్యముచేత ఇంచుమించు ఆ కేంద్రములే మందగించుటను 2012లో లండన్ పరిశోధకులు ప్రకటించిరి.

అయితే ఓషధికిని చిత్తమునకును గల సంబంధవిచారము మనకు క్రొత్తది కాదు. ఋగ్వేద నవమ మండలములోని 114 సూక్తములు సోమమునకే అంకితములు. ఆ మూలిక యేదో నేడు నిర్ణయింపరాకున్నది. అది ఒక మత్తు పుట్టగొడుగని 1968లో వాసన్ అను అమెరికా పరిశోధకుడు వాదించెను. పండితులలో అనేకులు అంగీకరింపలేదు. సోమము దొరకనిచో పూతీకమును గ్రహింపవచ్చునని బ్రాహ్మణగ్రంథములే అనుజ్ఞ నొసగినవి. మన కోనసీమ అగ్రహారములలో ఇరువదవ శతాబ్దమునను ఆహితాగ్నులు సోమయాగము లొనర్చిరి. వారు వాడిన సోమలత ఆకులు లేని పాలతీగ. మత్తునకు ప్రసిద్ధమైనది కాదు. ఓషధి మారినది, దీక్ష, నియమము, మంత్రము నిలిచినవి. యజ్ఞమునకు ప్రాణము మత్తే యైనచో, ఈ పరంపర యేనాడో అంతరించి యుండెడిది.

పతంజలి మహర్షి కైవల్యపాదారంభమున సిద్ధులకు ఐదు హేతువులను చెప్పెను: జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి. ఓషధిని ఆయన దాచలేదు, నిందింపలేదు. కాని కొన్ని సూత్రముల పిమ్మట, వీనిలో ధ్యానమువలన కలిగిన చిత్తమొక్కటే కర్మాశయము లేనిదని నిర్ణయించెను. అనగా ఓషధి అనుభవము నీయగలదు, వాసనలను దహింపజాలదు. మందు దిగిన పిమ్మట అహంకారము తన పీఠమును మరల నధిష్ఠించును.

సైలోసైబిన్ మనోరోగచికిత్సకు ఉపకరించునేమో వైద్యులు పరీక్షించుచున్నారు. అది వైద్యవిషయము, దానిని తూలనాడుట మన పని కాదు. ఆ విద్యార్థికి నేనిట్లంటిని: "నాయనా, యంత్రం చూపేది ఆ గడియలో ఏది శమించిందో. శాస్త్రం అడిగేది మర్నాడు నీలో ఏది మిగిలిందని. నీ కోపం తగ్గిందా, లేదా? అదే పరీక్ష."

అతడు మాటాడలేదు. మరునాడు సంధ్యావేళకు మరల వచ్చి, మౌనముగా కూర్చుండెను.

స్వస్తి.