కొండఱాతి పూర్వకథ

నూయి త్రవ్వించిన పెద్దలకు నేలలోని వరుస తెలియనిది కాదు. మీఁద ఎఱ్ఱమన్ను, దాని క్రింద గునపపు పోటునకు పొడియగు మెత్తని ఱాయి, ఇంకను దిగినచో పలుఁగు ఖంగుమను గట్టిఱాయి. ఇవి మూఁడు వేఱువేఱు పదార్థములని తలంతుము. కాని మన ప్రాంతమునఁ బెక్కుచోట్ల మొదటి రెండును ఆ గట్టిఱాయి ఎండకు వానకు చివికి మాఱిన రూపములే. ఱాయి మన్నగుట మన కన్నుల యెదుటనే జరుగుచున్నది. మన్ను ఱాయి యగుట మాత్రము ఎవ్వరును చూచినది కాదు. నేఁడు మనవిచేయఁ బోవునది ఆ రెండవ కథ.

శ్రీకాకుళ విజయనగర జిల్లాల కొండలలో విస్తారముగా నుండు నొక జాతి ఱాతికి, వాకరను శాస్త్రజ్ఞుఁడు కలహండి సంస్థానమును పరిశీలించి 1902లో ఖోండలైటు అని పేరిడెను. ఆ కొండలలో నివసించు కోదుల పేరే అది. ఆ ఱాతిలో ఎఱ్ఱని గార్నెట్టు గింజలును, కొన్నిచోట్ల వ్రేలికి నల్లగా అంటు గ్రాఫైటును కనఁబడును. మొదట ఇది నీటి యడుగునఁ బేరిన బంకమన్ను. భూమి ముడుతలు పడినప్పుడు ఇరువది కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, తొమ్మిదివందల డిగ్రీలకు చేరువగు వేడిమిలో మగ్గినది. మూసలోని లోహమువలె పూర్తిగా కరఁగిపోక, ఆవములోని కుండవలె, చాలవఱకు గట్టిగా నుండియే క్రొత్త ఖనిజములుగా మాఱినది. ఇది జరిగి ఇంచుమించు నూఱు కోట్ల సంవత్సరములైనది. పైకి లేచిన పిదప మరల చివుకుట ఆరంభమయ్యెను. సముద్రపుటొడ్డున అల తీసినవెనుక ఇసుకపైఁ గనఁబడు ఎఱ్ఱచారలలో ఆ గార్నెట్టు గింజలున్నవి.

హిందూదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో నాఁటి విశాఖపట్టణము జిల్లాలో మొదలయ్యెను. చీపురుపల్లి ప్రాంతమునందలి కోడూరు గనిలోని వింతఱాతికి ఫెర్మరు దొర ఊరి పేరుమీఁదుగానే కోడూరైటు అని నామకరణము చేసెను. కరఁగిన ద్రవము చల్లారి అట్లు గడ్డకట్టినదని 1909లో వెలువడిన పెద్ద గ్రంథమున ఆయన వాదించెను. పిదప వచ్చినవారు ఒప్పుకొనలేదు. పాతఱాతిని క్రొత్తద్రవము మ్రింగఁగాఁ బుట్టిన సంకరమని కొందఱనిరి. మాంగనీసు కలిసిన యడుసే ఖోండలైటుతోపాటు మగ్గి ఇట్లయినదని మఱికొందఱనిరి. నాకు ఈ కడపటి మాటయే సబబుగాఁ దోఁచుచున్నది.

ఇది పండితుల కాలక్షేపము కాదు. ద్రవమైనచో లోతునుండి దూసికొనివచ్చిన దారిని వెదకవలెను; అడుసైనచో పొర యెటు వంగిన అటు పోవలెను. పొర ముగిసినచోట ఖనిజమును ముగియును. దానిని నమ్ముకొని వచ్చిన కూలివాఁడు వేఱొక ఊరు చూచుకొనవలెను.