పదివేల పౌండ్ల ఆటగాడు, ఎనిమిది పౌండ్ల జీతం

ఆటగాళ్ళ జీవితాలను దినపత్రిక వెనకపేజీకి వదిలేయడం మనకు పరిపాటి. అది పొరపాటని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. రెండు ప్రపంచయుద్ధాల మధ్య బ్రిటన్‌లో శ్రమకు వెల ఎవరు కట్టారో, ఆ వెల ఎవరి జేబులోకి పోయిందో తెలుసుకోదలచినవారికి హ్యూయీ గాలకర్ అనే స్కాట్లండు ఫుట్‌బాల్ ఆటగాడి కథ ఏ ఆర్థికశాస్త్ర గ్రంథానికీ తీసిపోదు.

గాలకర్ 1903లో లానార్క్‌షైర్ బొగ్గుసీమలోని బెల్స్‌హిల్‌లో పుట్టాడు. మొదటి యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారంలోనూ, తర్వాత బొగ్గుగనిలోనూ పనిచేశాడు. మనిషి పొట్టి, ఐదడుగుల ఐదంగుళాలు. ఏర్‌డ్రియోనియన్స్ జట్టుతో 1924లో స్కాటిష్ కప్పు గెలిచాడు. మరుసటి సంవత్సరం డిసెంబరులో ఇంగ్లండుకు చెందిన న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు అతణ్ణి 6,500 పౌండ్లకు కొన్నది.

కొన్నది అన్నమాట నేను అలంకారానికి వాడటం లేదు. నాటి ఇంగ్లండులో ఆటగాడి పేరు ఏ క్లబ్బు పట్టీలో నమోదైతే అతడు ఆ క్లబ్బు సొత్తు. ఒప్పందం గడువు తీరినా క్లబ్బు వదలకపోతే మరొకచోట ఆడే వీలు లేదు. 1922 నుంచి జీతానికి గరిష్ఠ పరిమితి ఆటల కాలంలో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. గెలిస్తే మరో 2 పౌండ్లు, ఆట సమమైతే 1. కార్మికుడు తన శ్రమను స్వేచ్ఛగా అమ్ముకుంటాడని పెట్టుబడిదారీ వ్యవస్థ గొప్పగా చెప్పుకొంటుంది కదా, ఆ పాటి స్వేచ్ఛ కూడా ఇక్కడ లేదు. అమ్మేది ఒక యజమాని, కొనేది మరొక యజమాని. సంతలో ఎద్దుకు ఎంత వెల పలికినా దాని ముందు పడే గడ్డి పెరగదు. చిన్న క్లబ్బులు బతకాలంటే ఈ పరిమితి తప్పదని సమర్థకులు వాదించారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మరి క్లబ్బులు పుచ్చుకునే వెలకు పరిమితి ఎందుకు పెట్టలేదు?

1926 మే నుంచి నవంబరు దాకా బ్రిటిష్ గనికార్మికులు లాకౌటులో మాడారు. న్యూకాసిల్ చుట్టూ వున్నది బొగ్గుసీమే. ఆ ఆగస్టులో మొదలైన పోటీలలో గాలకర్ నాయకత్వాన న్యూకాసిల్ లీగు విజేత అయింది. 38 ఆటల్లో అతడు 36 గోల్స్ చేశాడు. పనీ కూలీ లేని ఊళ్ళలో ఈ గనిపిల్లవాడి మీద పుట్టిన మమకారాన్ని వట్టి క్రీడాభిమానం అనడం నాకు సబబుగా తోచదు.

కోపిష్ఠి అన్నది నిజమే. 1927 డిసెంబరు 31న ఆట ముగిశాక ఒక రిఫరీని స్నానపుతొట్టిలోకి తోసి రెండు నెలలు ఆటకు దూరమయ్యాడు. తిరిగివచ్చి 1928 మార్చి 31న వెంబ్లీలో ఇంగ్లండును 5–1తో ఓడించిన స్కాట్లండు జట్టులో ఆడాడు. మూడు గోల్స్ అలెక్స్ జాక్సన్‌వి, రెండు అలెక్స్ జేమ్స్‌వి. గాలకర్ ఒక్కటీ చేయలేదు. ఆ పదకొండుమందిలో ఎనిమిదిమంది ఇంగ్లండు క్లబ్బుల్లో జీతగాళ్ళే. జేమ్స్ కూడా బెల్స్‌హిల్ కుర్రాడే, గాలకర్ బాల్యమిత్రుడు. 1929లో ఆర్సెనల్ 8,750 పౌండ్లకు కొన్నప్పుడు అతడు జీతపు పరిమితిని మరోదారిన దాటాడు: సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో ఏటా 250 పౌండ్ల కొలువు పుచ్చుకున్నాడు. నేనైతే తప్పుపట్టను.

1930లో గాలకర్‌ను న్యూకాసిల్ నుంచి లండన్‌లోని చెల్సీ 10,000 పౌండ్లకు కొన్నది. ఆ సెప్టెంబరు 3న కొత్త జట్టుతో అతడు పాత మైదానంలో దిగినప్పుడు చూడవచ్చినవారు 68,386 మంది. నాడు మామూలు ప్రవేశరుసుము కనీసం ఒక షిల్లింగు. తలకు ఒక్క షిల్లింగు చొప్పున లెక్కవేసినా 3,400 పౌండ్లు దాటుతుంది. వేసవి జీతంతో కలిపి ఆటగాడికి ఏడాదికి దక్కగలిగిన గరిష్ఠ జీతం 386 పౌండ్లు. అతణ్ణి చూడటానికి జనం ఒక్కపూటలో చెల్లించిన సొమ్ము అతడి తొమ్మిదేళ్ళ జీతానికి ఇంచుమించు సమానమన్నమాట!

ఈ లెక్క దాటవేసి, తాగి చెడిపోయాడని తీర్పు చెప్పడం తేలిక. తాగుడు అబద్ధం కాదు. విడాకుల వ్యాజ్యం ఖర్చు కూడా తోడై 1934లో దివాలా తీశాడు. కాని ఆ ఏడాదే అతణ్ణి కొన్న డెర్బీ కౌంటీ క్లబ్బు ఆటగాళ్ళకు చాటుగా డబ్బు ముట్టజెప్పినట్టు 1941లో విచారణలో తేలింది; మేనేజరునూ డైరెక్టర్లనూ ఆట వ్యవహారాలనుంచి వెలివేశారు. నిబంధన అన్యాయమని క్లబ్బులకూ తెలుసు. దాన్ని మార్చడంకంటే దొంగదారిన దాటడమే వాటికి లాభసాటి.

తర్వాత నాట్స్ కౌంటీ, గ్రిమ్స్‌బీ, చివరకు గేట్స్‌హెడ్. 1939లో రెండో యుద్ధంతో ఆట ముగిసింది. గేట్స్‌హెడ్‌లోనే వుండిపోయి చిన్నాచితకా పనులు చేశాడు, పత్రికకు ఆటల సమీక్షలు రాశాడు. కుటుంబ కలహం విషయమై కోర్టుకు హాజరు కావలసిన రోజుకు ముందురోజు, 1957 జూన్ 11న, లో ఫెల్ దగ్గర రైలు కింద పడి చనిపోయాడు. 54 ఏళ్ళు.

ఆటగాళ్ళ సంఘం సమ్మెకు సిద్ధపడ్డాక 1961 జనవరిలో జీతపు పరిమితి రద్దయింది. ఆ ఏడాదే ఫుల్‌హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. గడువు తీరిన ఆటగాణ్ణి కట్టిపడేసే పద్ధతి చట్టసమ్మతం కాదని కోర్టు చెప్పడానికి మాత్రం మరో రెండేళ్ళు పట్టింది.