ఓడలో కొసరు

సంతలో తూకం ముగిసిన తరువాత అడిగి వేయించుకునే గుప్పెడు చిక్కుడుకాయలను మనం కొసరు అంటాము. అసలుకు వెల ఉంటుంది, కొసరుకు ఉండదు. విహారనౌకల వ్యాపారం ఈ మాటను తలకిందులు చేసింది. అక్కడ గది, పడక, మూడు పూటల భోజనం, రేవు నుండి రేవుకు ప్రయాణం, ఇవన్నీ కలిసిన టిక్కెట్టు ఆశ్చర్యం కలిగించేంత చౌకగా కనబడుతుంది. వెల అంతా కొసరులో దాగి ఉంటుంది. మద్యం, అంతర్జాలం, ప్రత్యేక భోజనశాల, రేవులో విహారం, ఆవిరి స్నానం, ఫోటోలు, జూదం, అన్నీ కొసరే.

ఈ కొసరు ఎంతటిదో ఒక లెక్క చెబుతుంది. ప్రపంచంలోని విహారనౌకా సంస్థలలో పెద్దదైన కార్నివాల్ కార్పొరేషన్ ఆదాయం 2024 ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,500 కోట్ల డాలర్లు. అందులో టిక్కెట్ల వలన వచ్చినది దాదాపు 1,650 కోట్లు. మిగిలిన 850 కోట్ల పైచిలుకు ఓడలో జరిగిన అమ్మకాలు, తదితరాల వలన వచ్చినది. అనగా మూడింట ఒక వంతు కొసరు నుండే వస్తున్నది. డ్రింక్ ప్యాకేజీ కొనవచ్చునా, కొనరాదా అని ఆలోచించే ప్రయాణికుడు ముందుగా తెలుసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఏది టిక్కెట్టులో భాగం, ఏది కాదు అన్న గీతను ఎవరు గీశారు, ఎప్పుడెప్పుడు ఎటు జరిపారు?

మొదట్లో ఆ గీత చాలా దూరంగా ఉండేది. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో లివర్‌పూల్, న్యూయార్కుల మధ్య నడిచిన ప్యాకెట్ ఓడలలో పై తరగతి చార్జీలోనే వైను కలిసి ఉండేది. తూర్పు దేశాలకు ఓడలు నడిపిన పి అండ్ ఓ సంస్థ కూడా తొలి దశాబ్దాలలో వైను, బీరు, ఇతర మద్యాలు చార్జీలోనే ఇచ్చింది. వారాల తరబడి సాగే ప్రయాణంలో పీపాలలో నిలువ ఉంచిన నీరు త్రాగడం కష్టం. పెద్దమనుషుల భోజనబల్ల మీద వైను లేకపోవడం ఆనాటి దృష్టిలో లోటు. కనుక అది భోజనంలో భాగమే. అయితే ఈ ఉదారతకు తరగతి హద్దు ఉన్నది. అడుగు తరగతిలో వలస పోయే పేదలలో అనేకులు తమ తిండి తామే వండుకుంటూ సముద్రం దాటారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి రంగూను వెళ్లిన మన తెలుగు కూలీలు కొన్నది డెక్కు మీద కాస్త చోటును మాత్రమే.

అన్నీ కలిపిన చార్జీలో ఒక అన్యాయం కూడా ఉంది. మందు ముట్టనివాడు పక్కవాడి సీసా ఖర్చులో పాలు పంచుకుంటాడు. ఆ శతాబ్దం గడిచేకొద్దీ మద్యం చార్జీ నుండి విడిపోయింది. ఎవరు త్రాగినదానికి వారే చెల్లించే పద్ధతి స్థిరపడింది. విడివిడిగా అమ్మడం మోసమనీ, కలిపి ఇవ్వడం ఔదార్యమనీ మనం తేలికగా అనుకుంటాము. చరిత్రలో విడదీయడం న్యాయంగా తోచిన సందర్భాలు కూడా ఉన్నాయి.

విహారం కోసమే ఓడ ఎక్కడం అప్పటికింకా కొత్త. 1844లో పి అండ్ ఓ సంస్థ మధ్యధరా యాత్రకు రచయిత థాకరేను ఉచితంగా తీసుకుపోయింది. ఆ యాత్ర మీద ఆయన వ్రాసిన పుస్తకం 1846లో వెలువడింది. ప్రయాణ వ్యాపారంలో ఉచిత టిక్కెట్టుకూ మంచిమాటకూ ఉన్న బంధుత్వం ఈనాటిది కాదన్నమాట.

కొసరు విషయంలో నాకు మెచ్చదగినదిగా తోచేది 1867లో న్యూయార్కు నుండి బయలుదేరిన క్వేకర్ సిటీ యాత్ర. మార్క్ ట్వేన్ వెళ్లినది ఆ ఓడలోనే. యాత్రకు ముందు ప్రకటించిన కార్యక్రమ పత్రంలో పెద్దవారికి ఓడ చార్జీ 1,250 డాలర్లని ఉన్నది. దానితో పాటు, నేల మీద తిరిగేందుకు రోజుకు 5 డాలర్ల బంగారం చొప్పున చూసుకుంటే సరిపోతుందని కూడా అందులోనే చెప్పారు. చార్జీలో చేరనిది ఏమిటో, దానికి ఎంత పట్టుకు రావాలో ప్రయాణికుడికి ఓడ ఎక్కకముందే తెలిసింది. ఈనాటి రంగురంగుల ప్రకటనలలో ఈపాటి స్పష్టత అరుదు.

ఆ తరువాతి ఘట్టం జర్మనీది. హాంబర్గ్ అమెరికా సంస్థకు చెందిన ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో అట్లాంటిక్ మీద ప్రయాణికులు తగ్గిపోవడం చూసి, 1891 జనవరిలో అగస్టా విక్టోరియా అనే ఓడను మధ్యధరా విహారానికి పంపాడు. విహారానికే ప్రత్యేకంగా కట్టించిన ప్రిన్‌జెసిన్ విక్టోరియా లూయిజ 1900లో జలప్రవేశం చేసింది. 1905లో అదే సంస్థ అమెరికా అన్న పేరుగల ఓడలో రిట్జ్ పేరిట ఒక భోజనశాల తెరిచింది. చార్జీలో వచ్చే భోజనం ఉండగా, అదనంగా డబ్బిచ్చి వేరొక చోట తినడం సముద్రం మీద అక్కడ మొదలైంది. ఈనాటి విహారనౌకలలోని ప్రత్యేక భోజనశాలలన్నింటికీ అది పూర్వీకురాలు.

1912 నాటికి కొసరుల పట్టిక ఎంత పెరిగిందో టైటానిక్ చూపుతుంది. మొదటి తరగతి టిక్కెట్టు కొన్నవారు కూడా డెక్కు మీద వాలుకుర్చీకి ప్రయాణం మొత్తానికి 4 షిల్లింగులు, టర్కిష్ స్నానానికి 4 షిల్లింగులు, స్క్వాష్ ఆటకు అరగంటకు 2 షిల్లింగులు చెల్లించాలి. వ్యాయామశాల ఉచితం. విడి భోజనశాలను లుయిగీ గట్టీ అనే ఇటాలియన్ గుత్తకు నడిపాడు. ప్రయాణమంతా అక్కడే తినదలచిన వారికి టిక్కెట్టులో కొంత తగ్గింపు కూడా ఉండేది. ఇటువంటి తగ్గింపు నేడు ఎక్కడైనా వినగలమా?

అన్నిటికంటే ఖరీదైన కొసరు వార్త పంపడం. మార్కోనీ యంత్రం ద్వారా పంపే సందేశానికి మొదటి పది మాటలకు 12 షిల్లింగుల 6 పెన్నీలు, ఆపైన మాటకు 9 పెన్నీలు. అదే ఓడలో మూడవ తరగతి టిక్కెట్టు సుమారు 7 పౌండ్లు. పౌండుకు 20 షిల్లింగుల లెక్కన, పన్నెండు చిన్న సందేశాల ఖర్చుతో ఒక వలస కూలీ సముద్రం దాటవచ్చును. ఏప్రిల్ 14 రాత్రి ఆపరేటరు జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సందేశాలను కేప్ రేస్ కేంద్రానికి పంపడంలో మునిగి ఉన్నాడు. సమీపంలోని కాలిఫోర్నియన్ ఓడ మంచు గురించి చెప్పబోతే, పనిలో ఉన్నాను, ఊరుకోమన్నాడు. ఆ ఒక్క మాట వలననే ప్రమాదం జరిగిందనడం సరికాదు; మంచు హెచ్చరికలు అంతకుముందే మరికొన్ని వచ్చి ఉన్నాయి. కాని అమ్మకానికి పెట్టిన సేవా, ఓడ క్షేమానికి అవసరమైన సేవా ఒకే తీగ మీద నడిచాయన్నది మరువరానిది.

మద్యం మళ్ళీ కథలోకి వచ్చినది 1920 తరువాత. అమెరికాలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు కూనార్డ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో, అమెరికా జలాలలో ఉన్నంతసేపు విదేశీ ఓడలకు కూడా నిషేధం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. హద్దు దాటితే వర్తించదు. దానితో హద్దు దాటడమే ఒక వ్యాపారమైంది. బెర్ముడాకో, హవానాకో, ఒక్కొక్కసారి ఎక్కడికీ కాకుండానో, త్రాగడం కోసం సముద్రం మీదికి వెళ్లే చౌక యాత్రలు వెలిశాయి. 1933 డిసెంబరులో నిషేధం తొలగింది గాని ఒక పాఠం మిగిలింది. ఓడ ఎటు పోతున్నదన్న దానికన్నా ఓడలో ఏమి దొరుకుతున్నదన్నది ముఖ్యమయ్యే ప్రయాణికులు ఉన్నారు.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక ఓడ ప్రయాణం అవసరం కాకుండా పోయింది. మిగిలినది వినోదమే. 1972లో టెడ్ ఆరిసన్ ఒక పాత ఓడను కొని, దానికి మార్డీ గ్రా అని పేరు పెట్టి, కార్నివాల్ సంస్థను ప్రారంభించాడు. తొలి ప్రయాణంలోనే, మార్చి 11న, అది మయామీ రేవు దాటుతూ ఇసుకమేటకు తగులుకొని నిలిచిపోయింది. ఆ తరువాత సంస్థ నిలదొక్కుకున్న పద్ధతి ఇది: వేగం తగ్గించి ఇంధనం ఆదా చేయడం, చార్జీ తగ్గించి ఓడ నింపడం, ఓడనే గమ్యంగా చూపడం, లోపల బారులోను జూదశాలలోను సంపాదించడం. నడిసముద్రంలో సరుకుకు సుంకాలు తక్కువ, పోటీ దుకాణం ఉండదు, కొనేవాడు వారం రోజులు ఎక్కడికీ పోలేడు. వ్యాపారికి ఇంతకంటే ఏమి కావాలి?

గ్లాసు గ్లాసుకూ చీటీ మీద సంతకం చేయించుకునే ఆ పద్ధతి మీద పుట్టినదే ప్యాకేజీ. రోజుకు ఇంతని ముందుగా చెల్లిస్తే తరువాత చూసుకోనక్కరలేదు. మనస్తత్వ శాస్త్రం దీనిలోని ఆకర్షణను వివరించింది. ప్రెలెక్, లోవెన్‌స్టైన్ 1998లో చూపినట్లు, చెల్లింపు ముందే ముగిసిపోతే అనుభవించేటప్పుడు దాని నొప్పి ఉండదు. ఆ నిశ్చింతకు కూడా ఒక వెల ఉంటుందని 2006లో డెల్లావిన్యా, మాల్మెండియర్ తేల్చారు. అమెరికాలో వ్యాయామశాలల నెలసరి సభ్యత్వం తీసుకున్నవారు సగటున ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా చెల్లించినట్లయింది. పది రాకల పాసు కొని ఉంటే రాకకు 10 డాలర్లే. రాబోయే రోజులలో తాము ఏమి చేస్తామో మనుషులు ఎక్కువగా ఊహించుకుంటారు. ఓడ ఎక్కబోయేవాడి ఊహ కూడా ఇటువంటిదే.

ఒక ఊహాత్మకమైన లెక్క వేసుకుందాము. ప్యాకేజీ రోజుకు 70 డాలర్లు, గ్లాసు ధర 13 డాలర్లు, రెండింటి మీదా సేవారుసుము 18 శాతం అనుకుందాము. ప్యాకేజీ రోజుకు 82.60, ఏడు రోజులకు 578.20 అవుతుంది. గ్లాసు 15.34 పడుతుంది. అసలు రాబట్టుకోవడానికి వారంలో 38 గ్లాసులు కావాలి. రెండు రోజులు రేవులలో తిరుగుతూ రోజుకు రెండేసి మాత్రమే త్రాగితే, మిగిలిన ఐదు రోజులలో రోజుకు ఏడు చొప్పున పడతాయి. ప్యాకేజీ సాధారణంగా ప్రయాణం మొత్తానికి కొనవలసినదే. రేవు రోజులకు మినహాయింపు ఉండదు.

ఇంకొక మెలిక ఉంది. కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి సంస్థలలో గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, ఆ గదిలోని పెద్దవారందరూ కొనాలన్నది సాధారణ నియమం. పంచుకుంటారన్న అనుమానం దానికి కారణం. భర్త త్రాగి భార్య త్రాగని ఇల్లు, లేక తల్లిదండ్రులను వెంటబెట్టుకు పోయే ఇల్లు మన తెలుగువారిలో ఎన్నో. అటువంటి దంపతులకు పై లెక్క రెట్టింపై 1,156.40 అవుతుంది, ఆ ఒక్కరే రోజుకు పదకొండు గ్లాసులు త్రాగితే తప్ప అది తీరదు. 1840లలో త్రాగనివాడు పక్కవాడి సీసాకు చెల్లించిన అన్యాయమే ఇక్కడ గదిలోకి వచ్చి కూర్చున్నది. పైగా ఇప్పుడు దానికి ఐచ్ఛికం అన్న పేరు కూడా ఉన్నది.

మిగిలిన కొసరులలో అన్నీ ఒక తీరువి కావు. అంతర్జాలం మార్కోనీ సందేశానికి వారసురాలు. 2022 నుండి ఓడలలో స్టార్‌లింక్ వంటి ఉపగ్రహ సేవలు వచ్చి వేగం మెరుగుపడింది. ఇంటి వద్ద వృద్ధులో పసివారో ఉన్నవారికి అది విలాసం కాదు. రేవు విహారాలు బయట చౌకగా దొరుకుతాయి, కాని సంస్థ ఏర్పాటు చేసిన బండి ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా పోయినవారి కోసం ఆగదు. దూరపు విహారానికి ఆ అదనపు డబ్బు బీమా వంటిది, నడిచిపోగల ఊరికి దండుగ. ప్రత్యేక భోజనశాల ఒక్క పూటకు సరదా. చార్జీలో ఇచ్చే భోజనం అంతకుముందే కొనుక్కున్నదని మరువరాదు. కావాలనుకున్న ప్యాకేజీని ఓడ ఎక్కకముందు కొంటే సాధారణంగా తక్కువకు వస్తుంది. అన్నీ కలిపి ఇచ్చే సీబోర్న్, సిల్వర్‌సీ వంటి ఖరీదైన నౌకలు కూడా ఉన్నాయి. వాటి చార్జీలోనే మద్యం ఇమిడి ఉంటుంది, త్రాగినా త్రాగకపోయినా.

2022 జూన్‌లో కోర్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌక విశాఖపట్నం రేవుకు వచ్చింది. 1990 నుండి కరీబియన్ జలాలలో తిరిగిన ఓడ అది. 2023లో విశాఖలో విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. కనుక ఈ ప్రశ్న ఇకమీదట అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు పోయినవారిది మాత్రమే కాదు.

నా అభిప్రాయం ఇది. ప్యాకేజీ ఒక పందెం, ఆ పందెపు సంఖ్యలను నిర్ణయించినవాడు లక్షలాది ప్రయాణికుల లెక్కలు దగ్గర పెట్టుకున్నవాడు. వానితో పందెం కాచే ముందు మన దగ్గర మన లెక్క ఒక్కటైనా ఉండాలి. ఇంటి వద్ద సెలవురోజున ఎన్ని గ్లాసులు పడతాయో, ఎన్ని కాఫీలు పడతాయో, అది వ్రాసుకుంటే చాలు. ఆ సంఖ్య ప్యాకేజీని దాటే ఇల్లు ఉంటే నిస్సంకోచంగా కొనవచ్చును. దాటకపోతే, డబ్బు నష్టం కన్నా పెద్ద నష్టం ఒకటి పొంచి ఉంటుంది. చెల్లించినందుకు గిట్టుబాటు చేసుకోవాలన్న పట్టుదలతో వద్దనుకున్న గ్లాసును కూడా ఎత్తడం, రేవులో దిగవలసిన సాయంత్రం బారులో కూర్చోవడం. విశ్రాంతి కోసం పోయి కూలి గిట్టించుకునే పనిలో పడడం అది.

క్వేకర్ సిటీ పత్రంలో ఓడకు 1,250, నేలకు రోజుకు 5 అని రెండు సంఖ్యలు ఉన్నాయి. ఆ రెండవ సంఖ్యను ఈనాటి ఓడలు మనకు ముందుగా చెప్పవు. టిక్కెట్టు కొనే రోజున దానిని మనమే ఒక కాగితం మీద వేసుకోవాలి.